స్టాకు రిజిస్టరులో పది కంప్యూటర్లు

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా లెక్కల మాస్టారు కనిపించారు. కొవ్వూరు దగ్గర ఒక పల్లెలో నేను చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉన్నారాయన. మధ్యలో రెండు బదిలీలు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చారు. ఊరి పేరు, బడి పేరు రాయను. రాస్తే ఆ బడిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం అక్కడ లేదు.

"ఏరా, ఎప్పుడొచ్చావ్?" అన్నారు.

"నిన్ననే మాస్టారూ" అన్నాను. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఉండబట్టలేక అడిగేశాను. "మేం పంపిన కంప్యూటర్లు ఎలా ఉన్నాయండీ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయిరా. స్టాకు రిజిస్టరులో పదికి పదీ ఉన్నాయి."

ఆయన వెటకారం నాకు ఎనిమిదో తరగతి నుంచీ అలవాటే. కానీ ఈసారి మాత్రం గట్టిగానే గుచ్చుకుంది. ఎందుకంటే ఆ పది కంప్యూటర్ల వెనక నా గొప్పలు చాలా ఉన్నాయి.

నాలుగేళ్ళ క్రితం సంగతి. మా ఆఫీసులో లెక్కలోంచి తీసేసిన పాత కంప్యూటర్లు ఓ మూల పడున్నాయి. నేనూ, ఇంకో ఐదుగురు ఫ్రెండ్సూ కలిసి అడ్మిన్ వాళ్ళ వెంటపడి ఓ పది సంపాదించాం. తలా కొంత వేసుకుని టాటా ఏస్ మాట్లాడాం. రిబ్బన్ కట్టాం, లడ్డూలు పంచాం, ఫొటోలు దిగాం. ఆ ఫొటోల కింద "గ్రేట్ జాబ్ బ్రో" అని ఎంతమంది రాశారో! సాయంత్రానికి గోదావరి రోడ్డు కం రైలు వంతెన దాటి, రాజమండ్రిలో రైలెక్కి, ఛాతీ రెండంగుళాలు పెంచుకుని హైదరాబాదు వచ్చి పడ్డాం.

ఇప్పుడు మాస్టారు తాళం తీయించి ఆ గది చూపించారు. కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి. రెండింటికి వైర్లు ఎలుకలు కొట్టేశాయి. కూర్చుని ఒక్కోటీ ఆన్ చేసి చూస్తే పదింటిలో మూడు వెలిగాయి. ఆ మూడింటిలో రెండు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగాయి. ఆ పాస్‌వర్డ్ పెట్టిన మావాడు ఇప్పుడు కెనడాలో ఉన్నాడు. ఫోన్ చేస్తే "అప్పుడేం పెట్టానో గుర్తులేదు మావా" అన్నాడు.

మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? నేనూ ముందు ఇదే అడిగాను. మాస్టారు ఓపిగ్గా చెప్పారు. బడికి వచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కించాక అది హెడ్మాస్టరు గారి బాధ్యత. పిల్లాడి చెయ్యి తగిలి మానిటర్ కింద పడిందనుకోండి, రేపు తనిఖీలో సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. రిటైరయ్యేవాళ్ళకైతే ఇంకా భయం. బాగు చేయిద్దామంటే ఆ పేరుతో విడిగా డబ్బుండదు. అడిగితే "దాతలు ఇచ్చారు కదా, వాళ్ళనే అడగండి" అంటారట. దాతలేమో మేమే. మేము ఫోను నంబరు కూడా ఇచ్చిరాలేదు!

కాబట్టి తాళం వేయడం ఆయన చేయగలిగిన వాటిలో అన్నిటికంటే తెలివైన పని. ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. పిల్లలు వాడితే కంప్యూటరు పాడవుతుంది, వాడకపోతే రిజిస్టరులో భద్రంగా ఉంటుంది. మన ఏర్పాటే అలా ఉంటే మనుషుల్ని తిట్టి ఏం లాభం?

ఇదంతా మా ఆరుగురి తెలివితక్కువతనమే అయితే ఈ టపా రాసేవాడిని కాదు. చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతికి వచ్చింది 2010లో. అప్పటికే మా బళ్ళో ఒక కంప్యూటరు గది ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదు వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు విద్య మొదలుపెట్టింది. పద్ధతి పేరు బూట్. అంటే కట్టు, నీదిగా ఉంచుకో, నడుపు, చివర్లో అప్పగించు. ప్రైవేటు ఏజెన్సీలు కంప్యూటర్లు పెట్టి, చెప్పడానికి మనుషుల్నిచ్చి, ఐదేళ్ళు నడిపి, ఆ తరవాత బడికి అప్పగించి వెళ్ళిపోవాలి.

మాకొక కంప్యూటరు సార్ ఉండేవారు. డిగ్రీ చదివిన కుర్రాడు, నెలకి రెండు మూడు వేల జీతం. అదీ సమయానికి రాదు. అయినా పాపం మాకు పెయింటు, ఎక్సెల్ నేర్పారు. చెప్పులు గది బయట వరసగా విప్పి, ఒక్కో కంప్యూటరు ముందు నలుగురైదుగురం కూచునేవాళ్ళం. మౌసు ఎవడి చేతిలో ఉంటే వాడే రాజు. నేను ఇంజినీరింగులో కంప్యూటర్ సైన్సు తీసుకోవడానికి ఆ గదే కారణం. ఆ సంగతి దాచుకోను. 2013లో ఐదేళ్ళ గడువు అయిపోయింది. కంప్యూటరు సార్లు రోడ్డెక్కి ధర్నాలు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్లు బడికి మిగిలాయి, చెప్పే మనిషి పోయాడు. నా తరవాతి బ్యాచీలవాళ్ళు ఆ గదిని కిటికీలోంచి చూశారంతే.

ఇక్కడో ముక్క చెప్పాలి. నాకు పనికొచ్చింది ఆ గదిలోని కంప్యూటరా, ఆ సారా అని ఆలోచిస్తే, నిజాయితీగా చెప్పాలంటే సారే. కంప్యూటరు ఆయన వెళ్ళాక కూడా అక్కడే ఉంది కదా. ఎవరికి పనికొచ్చింది?

ఇంకా వెనక్కి వెళ్తే 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే ప్రాజెక్టు కింద దేశంలో దాదాపు 250 బళ్ళలో బీబీసీ మైక్రో కంప్యూటర్లు పెట్టింది. 2011లో ఆకాశ్ ట్యాబ్లెట్ వచ్చింది, ప్రపంచంలోనే చవకైనదని పత్రికలన్నీ రాశాయి. ఇప్పుడు ఆకాశ్ అంటే కోచింగ్ సెంటరే గుర్తొస్తుంది ఎవరికైనా. ఇక 2022 డిసెంబరు 21న మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5,18,740 ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. ప్రభుత్వం చెప్పిన ఖర్చు 686 కోట్లు. అందులో బైజూస్ పాఠాలు. మరుసటి ఏడు అదే తేదీన, అంటే అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఇంకో నాలుగు లక్షల పైచిలుకు. ఆరు నుంచి పై తరగతుల్లో గోడలకి పెద్ద పెద్ద టచ్ ప్యానెళ్ళు పెట్టారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది.

ఇది చదివి "అదిగో, ఫలానా పార్టీని తిడుతున్నాడు" అనుకునేవాళ్ళకి ఒక దణ్ణం. నేను చెప్పిన లిస్టులో అన్ని పార్టీలూ ఉన్నాయి, మీకు నచ్చిన పార్టీ కూడా. పిల్లల చేతిలో ట్యాబు పెట్టడం పాపమని కూడా నేననను. కార్పొరేట్ స్కూలు పిల్లాడికి ఉన్నది జడ్పీ స్కూలు పిల్లాడికి ఎందుకు ఉండకూడదు? పాఠాలు ట్యాబులోనే లోడు చేసి ఉన్నాయి కాబట్టి కంపెనీ మునిగిన మర్నాడే ఆగిపోవు, అదీ నిజమే. కానీ మనం ఇంజినీర్లం కదా, ఒక్క ప్రశ్న వేసుకుందాం. సిలబస్ మారితే ఆ పాఠం మార్చేదెవరు? లెక్కలో తప్పుంటే దిద్దేదెవరు? సోర్సు ఎవరి దగ్గరుంది? మన ప్రాజెక్టులో వెండరు ఇలాంటి కాంట్రాక్టు తెస్తే సంతకం పెడతామా?

మనకి ఇది తెలియని విషయం కాదు. సాఫ్టువేరు రాయడానికయ్యే ఖర్చు కంటే దాన్ని ఏళ్ళ తరబడి నడపడానికయ్యే ఖర్చే ఎక్కువని ఫ్రెషరుకి కూడా తెలుసు. మన ల్యాప్‌టాప్‌లో ఒక కీ పనిచెయ్యకపోతే టికెట్ పెడతాం. సాయంత్రానికి ఎవరూ రాకపోతే మేనేజరుని కాపీలో పెట్టి ఇంకో మెయిలు కొడతాం. ఏఎంసీ లేకుండా ప్రింటరు కూడా కొనని కంపెనీల్లో పనిచేస్తూ, బడి దగ్గరకి వచ్చేసరికి మాత్రం డబ్బా దించేసి ఫొటో దిగి వచ్చేస్తాం. మన తెలివంతా ఆఫీసు గేటు దగ్గర బ్యాడ్జీతో పాటు తీసి పెట్టేస్తామనుకుంటా.

మా ప్రాంతం వాళ్ళకి అర్థమయ్యే ఉదాహరణ ఒకటి చెప్తాను. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఆ కట్ట ఇవతలి కొస మా కొవ్వూరు కింద విజ్జేశ్వరం దగ్గరుంది. పశ్చిమ డెల్టా కాలువలకి నీళ్ళు అక్కడినుంచే వదులుతారు. కట్ట కట్టగానే డెల్టా పచ్చబడిపోయిందా? కాలువ తవ్వాలి, బోదె తియ్యాలి, లాకుల దగ్గర లస్కరు ఉండాలి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క ఏరాలి. ఒక్క ఏడు పూడిక సరిగ్గా తియ్యకపోతే శివారు భూముల రైతు నారుమడి ఎండబెట్టుకుని రోడ్డు మీదకి వస్తాడు. అంతెందుకు, మేం రాజమండ్రి వెళ్ళే వంతెన 1974లో మొదలైంది. 2023లో కొన్నాళ్ళు రాకపోకలు ఆపేసి మరమ్మతులు చేశారు. వంతెనకి మరమ్మతు కావాలని అందరికీ తెలుసు. బడిలో కంప్యూటరుకి మాత్రం ఒకసారి కొబ్బరికాయ కొడితే చాలని ఎందుకనుకుంటామో నాకర్థం కాదు.

సరే, ఇది నా ఒక్కడి అభిప్రాయం అనుకోకండి. దీని మీద పరిశోధనలు చాలానే జరిగాయి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకి వారానికి రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటరు చొప్పున లెక్కల ఆటలు ఆడించారు. తరవాత నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం 2007లో అచ్చేసిన పేపరు అది. లెక్కల్లో పిల్లలు బాగా పుంజుకున్నారు. అయితే కార్యక్రమం ఆపేసిన ఏడాదికి ఆ లాభంలో చాలాభాగం కరిగిపోయింది. అదే గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆయన ఇంకో ప్రయోగం చేశాడు. బడి అయ్యాక అదనంగా కంప్యూటరు మీద లెక్కలు చేయిస్తే పిల్లలకి లాభం. మామూలు క్లాసు తీసేసి దాని బదులు కంప్యూటరు ముందు కూచోబెడితే నష్టం! అవే కంప్యూటర్లు, అదే సాఫ్టువేరు. తేడా అంతా దాన్ని ఎక్కడ పెట్టామన్నదాంట్లోనే ఉంది.

పెరూ దేశం అయితే ఏకంగా పిల్లలకి లక్షల ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది, 'ప్రతి బిడ్డకీ ఒక ల్యాప్‌టాప్' అనే పథకం కింద. 2012లో వచ్చిన అధ్యయనంలో తేలిందేమిటంటే లెక్కల్లోనూ, భాషలోనూ చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఆ పథకం వాళ్ళు 2006లో మన దేశానికీ వచ్చారు. అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ వద్దంది. అప్పట్లో మన టెక్నాలజీ మేధావులు చాలామంది ఆ శాఖని వెనకబడినదని ఎగతాళి చేశారు. ఇప్పుడు చూస్తే వాళ్ళు అన్నదాంట్లో తప్పేముంది?

అలాగని కంప్యూటర్లు దండగ అనే వాళ్ళ పక్షాన నేను లేను. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్టువేరుతో, బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో, నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లోనూ, హిందీలోనూ స్పష్టంగా ముందుకెళ్ళారని 2019లో వచ్చిన ఇంకో పేపరు చెప్పింది. అక్కడ జరిగింది ఏమిటంటే, ఏడో తరగతి పిల్లాడికి నాలుగో తరగతి లెక్కలే వస్తే సాఫ్టువేరు నాలుగు దగ్గర్నుంచే మొదలుపెట్టింది. అరవైమంది క్లాసులో ఒక మాస్టారు చెయ్యలేని పని అది. కానీ ఆ కేంద్రంలో కూడా పిల్లల పక్కన మనిషి ఉన్నాడు, రోజూ తాళం తీసేవాడున్నాడు, కంప్యూటరు ఆగిపోతే బాగుచేసేవాడున్నాడు.

ఇప్పుడు మన బళ్ళో మనిషి సంగతి చూద్దాం. మన టీచర్లకి టెక్నాలజీ తెలియదని చాలామంది అంటుంటారు. అయ్యా, మన టీచర్లు వాడినన్ని యాప్‌లు మనం కూడా వాడి ఉండం. 2021 నుంచి మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, కోడిగుడ్ల లెక్కలు, అన్నీ యాప్‌లోనే. 2022లో ముఖం చూపించి వేసే హాజరు వచ్చింది. సిగ్నలు లేక మా మాస్టారు ఫోను పైకెత్తి బడి మెట్ల మీద నిలబడేవారట. మరుగుదొడ్ల ఫొటోల బాధ్యత 2024లో తీసేశారు, సంతోషం. కానీ ఒకసారి ఆలోచించండి. తరగతి గదిలోకి టెక్నాలజీ రాలేదని ఎవరన్నారు? వచ్చింది. టీచరు మీద నిఘాకి వచ్చింది. లెక్క చెప్పడానికి పనికొచ్చేలా రావాల్సింది మాత్రం దుప్పటి కింద ఉంది. ఆ యాప్‌లు రాసిందెవరు? మనవాళ్ళే. టీచరుని కూచోబెట్టి "మీకేం కావాలండీ?" అని ఒక్క మీటింగు పెట్టారా? యూజర్‌ని అడక్కుండా రిక్వైర్‌మెంట్లు రాసే అలవాటు మనకి కొత్తేం కాదనుకోండి :)

మరి ఎక్కడైనా సరిగ్గా చేశారా అంటే, చేశారు. కేరళ. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలైంది. వాళ్ళు చేసిన మొదటి మంచి పని, బయటి ఏజెన్సీకి అప్పగించకుండా ఉన్న టీచర్లలోంచే ఆసక్తి ఉన్నవాళ్ళని తీసుకుని మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేశారు. రెండోది, గ్నూ లినక్స్ మీదకి మారిపోయి లైసెన్సుల బెడద వదిలించుకున్నారు. మలయాళంలో పనిచేసేలా సొంతంగా సర్దుకున్నారు. 2017లో దాన్నే కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మార్చారు. 2018లో 45 వేల తరగతి గదుల్ని హైటెక్ చేశారు. అన్నిటికంటే నాకు నచ్చింది అదే ఏడాది మొదలుపెట్టిన లిటిల్ కైట్స్. బళ్ళో పిల్లలతోనే ఐటీ క్లబ్బు పెట్టి, పరికరాల బాగోగులు వాళ్ళకే నేర్పారు. అంటే పిల్లాడు ముట్టుకుంటే పాడవుతుందని తాళం వెయ్యకుండా, పిల్లాడికే స్క్రూడ్రైవరు ఇచ్చారన్నమాట. ప్రభుత్వాలు అక్కడా మారాయి. కార్యక్రమం మాత్రం ఆగలేదు. కేరళలో అంతా స్వర్గమని చెప్పడం లేదు. ఒక పని ఇరవై ఏళ్ళకి పైగా వదలకుండా చేస్తే ఎలా ఉంటుందో చెప్తున్నాను. మనం ఇరవై ఏళ్ళలో నాలుగుసార్లు రిబ్బన్ కత్తిరించాం.

మొన్న ఇదే విషయం ఫ్రెండ్స్ దగ్గర ఎత్తితే రెండు వాదనలు వచ్చాయి. ఒకడన్నాడు: "ఇప్పుడు ప్రతి ఇంట్లో స్మార్టుఫోనుంది, ఇంకా ల్యాబులెందుకు?" నిజమే, ఫోను ఉంది. 2024 అసర్ నివేదిక ప్రకారం పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్టుఫోను వాడటం వచ్చు. అడిగిన వారంలో సోషల్ మీడియా చూసినవాళ్ళు 76 శాతం, చదువుకి సంబంధించిన పనికి వాడినవాళ్ళు 57 శాతం. వేలితో తోసుకుంటూ పోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. దానితో ఏం చెయ్యొచ్చో చూపించడానికే మనిషి కావాలి.

ఇంకొకడన్నాడు: "ఏఐ వచ్చేసింది కదా, ఇక టీచరుతో పనేముంది? పిల్లాడు తెలుగులో అడిగితే అదే చెప్తుంది." ఇదే మాట 1984 నుంచీ ఏదో ఒక పేరు పెట్టి చెప్తూనే ఉన్నారు. ఏఐ మంచి పనిముట్టే, నేనూ రోజూ వాడతాను. కానీ వాడికి నేనొకటే చెప్పాను. ఆ ఏఐ నడిచే డబ్బాకి ఛార్జింగు పెట్టేదెవరు? నెట్టు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? అది తప్పు చెప్తే ఎనిమిదో తరగతి పిల్లకి అది తప్పని తెలిసేదెలా? ఆ గదికి తాళం ఎవరి దగ్గరుంటుంది? చివరికి మళ్ళీ మా మాస్టారి దగ్గరకే వచ్చాం.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, ఇకమీదట ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీ అయినా, ఏ ఎన్నారై అన్నయ్య అయినా బడికి కంప్యూటర్లిస్తానంటే ముందు మూడు విషయాలు అడగాలి.

ఒకటి, మనిషి ఎవరు? బళ్ళో ఒక టీచరు పేరు చెప్పాలి. ఆయనకి వారంలో కొన్ని పీరియడ్లు ఇందుకోసమే తగ్గించాలి. ఉన్న పని మీద ఇంకో పని రుద్దితే అది జరగదు.

రెండు, పాడైతే ఏమిటి? ఐదేళ్ళ మరమ్మతు డబ్బు మొదటిరోజే లెక్కలో ఉండాలి. వాడకంలో పాడైన వస్తువుకి హెడ్మాస్టరు జవాబుదారీ కాదని కాయితం మీద రాసివ్వాలి. ఇది పైసా ఖర్చు లేని పని. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని కూడా ఇదే. ఆ ఒక్క కాయితంతో రాష్ట్రంలో ఎన్ని తాళాలు ఊడతాయో చూడండి.

మూడు, ఇచ్చినవాడు వెళ్ళిపోతే ఏం మిగులుతుంది? పాఠాలు తెలుగులో ఉండాలి, టీచరు మార్చుకోగలిగేలా ఉండాలి, పాస్‌వర్డ్ బడి దగ్గరుండాలి. (మూడోది రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ రాయక తప్పదు.)

ఈ మూడింటికీ జవాబు లేకపోతే కంప్యూటర్లు తీసుకోకండని నేను హెడ్మాస్టర్లకి చెప్తాను. ఆ డబ్బుతో ప్రయోగశాలలో గాజు సామాను కొనుక్కోవడం నయం.

ఇక మన సంగతి. హైదరాబాదులో, బెంగుళూరులో, బే ఏరియాలో కూచున్న మనలో సగంమందిమి ఇలాంటి బళ్ళలోనే చదివాం. ఊరికి ఏదో చెయ్యాలని మనందరికీ ఉంది, ఆ కోరికని నేను వెక్కిరించడం లేదు. కానీ మనం ఇస్తున్నది మనకి అక్కర్లేనిది. ఆఫీసు లెక్కలోంచి తీసేసిన డబ్బా ఇవ్వడం చాలా తేలిక. మనకి నిజంగా కరువైంది టైము. అది ఇవ్వం. పది కంప్యూటర్లకి బదులు రెండే పెట్టి, ఏడాదికి నాలుగు శని ఆదివారాలు వెళ్ళి, ఎనిమిదో తరగతిలో నలుగురు పిల్లలకి లినక్స్ ఎక్కించడం, కేబుల్ మార్చడం నేర్పితే అది పది కంప్యూటర్ల కంటే ఎక్కువ. ఫెట్ సిమ్యులేషన్లు నెట్టు లేకుండా కూడా నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. జియోజీబ్రా ఉచితం. మాస్టారికి ఏం కావాలో అడిగి అదే పెట్టొచ్చు. టికెట్ పెట్టుకోడానికి ఆయనకి మన ఫోను నంబరుంటే చాలు.

ఆరోజు మాస్టారిని అడిగాను, "మీకు అన్నిటికంటే ఏం కావాలండీ?" అని. ఆయన పెద్దగా ఆలోచించలేదు. "త్రికోణమితి చెప్పేటప్పుడు గోడ మీద బొమ్మ కదిలితే బావుంటుందిరా. అంతే. ఒక్కటి చాలు. అది ఆగిపోయినప్పుడు ఎత్తే ఫోను ఒకటి" అన్నారు.

పది కంప్యూటర్లు దించిన రోజున మేం ఆయన్ని ఇది అడగలేదు. ఫొటోలో మాత్రం పక్కన నిలబెట్టాం.

ఆ మూడింట్లో పాస్‌వర్డ్ అడగనిదానిలో ఉబుంటు ఎక్కించి, జియోజీబ్రా పెట్టి, గోడ మీది ప్యానెల్‌కి కలిపి వచ్చాను. మిగతా రెండూ ఫార్మాట్ చేశాను. పదో తరగతి చదివే ఒక అమ్మాయి పక్కనే నిలబడి మొత్తం చూసింది, రెండోది తనే చేసింది. పాస్‌వర్డ్ కాయితం మీద రాసి స్టాకు రిజిస్టరులో అతికించాం. మాస్టారు రెండుసార్లు ఫోన్ చేశారు ఇప్పటికి. ఒకసారి కేబుల్ ఊడింది, ఒకసారి నిజంగానే సమస్య. మార్చి నెలాఖర్లో మళ్ళీ వెళ్తున్నాను. పనికిరాని ఏడూ ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. అవి రిజిస్టరులోంచి తీయించాలంటే అదో పెద్ద తతంగమట.

మీలో ఎవరైనా మీ ఊరి బడికి కంప్యూటర్లు పంపి ఉంటే ఒక్క పని చెయ్యండి. ఇవాళే ఆ హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసి "ఎన్ని పనిచేస్తున్నాయండీ?" అని అడగండి. "ఎలా ఉన్నాయి" అని అడిగితే బ్రహ్మాండంగా ఉన్నాయనే చెప్తారు.